ప్రాసెసర్ మారింది, పాత ప్రోగ్రామ్ ఎలా నడుస్తోంది?

బి8 05 00 00 00. ఇవి ఐదు బైట్లు. ఇంటెల్ తరహా ప్రాసెసర్ వీటిని చూస్తే "ఇఎఎక్స్ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదిలో) 5 పెట్టు" అని చదువుకుంటుంది. ఇవే బైట్లను వేరే కుటుంబానికి చెందిన 64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్ ముందు పెడితే ఆ అర్థం రాదు. దాని లెక్కలో ప్రతి ఆదేశమూ సరిగ్గా నాలుగు బైట్లు. మొదటి నాలుగింటినీ వేరే ఏదో ఆదేశంగా చదవబోతుంది, ఐదో బైటును తర్వాతి ఆదేశంలో కలిపేస్తుంది, అక్కడి నుంచి అంతా తారుమారే. ఒక ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసి, అంటే ప్రాసెసర్ చదివే ఆదేశాలుగా మార్చి, అమ్మినప్పుడు కొన్నవాళ్ల చేతికి వచ్చేది ఇలాంటి బైట్ల వరసే. అది ఒక ప్రాసెసర్ కుటుంబం కోసమే పుట్టింది, ఇంకో కుటుంబానికి అది చదవరాని లిపి.

అయినా ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో, ఎప్పుడో ఇంటెల్ కోసం తయారైన ప్రోగ్రామ్‌ను డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటోంది, పని చేస్తోంది. మధ్యలో ఒక అనువాద పొర ఉందన్న సంగతి చాలామందికి తెలియను కూడా తెలియదు. యాపిల్ మ్యాక్‌లలో ఆ పొర పేరు రోసెట్టా 2. ఆర్మ్ మీద నడిచే విండోస్‌లో 2024 నుంచి దాని పేరు ప్రిజమ్. ఒక భాషలోని యంత్ర ఆదేశాలను ఇంకో భాషలోకి మార్చడం ఇప్పుడు చాలావరకు తేలిపోయిన సమస్య. పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోయేది దాని అంచుల దగ్గర: డ్రైవర్లు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్), ప్లగిన్లు (ప్రోగ్రామ్‌కు తగిలించే అదనపు ముక్కలు), ఇన్‌స్టాలర్లు. అంతకంటే ముఖ్యంగా, ఆ అనువాద పొరను ఎన్నాళ్లు ఉంచాలని కంపెనీ అనుకుంటోందన్న దాని దగ్గర.

ఈ సమస్య కొత్తదేమీ కాదు. 1964 ఏప్రిల్‌లో ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించినప్పుడు, అప్పటికే 1401 అనే పాత యంత్రం మీద ఎన్నో కార్యాలయాల లెక్కలు నడుస్తున్నాయి. ఆ ప్రోగ్రామ్‌లన్నీ తిరిగి రాసుకోమంటే కొత్త యంత్రం ఎవరూ కొనరు. అందుకని 360 కుటుంబంలోని కొన్ని మోడళ్లలో 1401 ఆదేశాలను కూడా అర్థం చేసుకునే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలే ఉండే సూక్ష్మ ఆదేశాలు) పెట్టారు. ఎమ్యులేటర్ అనే మాట ఈ అర్థంలో వాడుకలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. కొత్త ప్రాసెసర్ ఎంత గొప్పదైనా, పాత ప్రోగ్రామ్‌లు నడవకపోతే దాని బతుకు కష్టమని ఆ రంగానికి అప్పుడే తెలుసు.

అనువాదం ఎలా జరుగుతుంది?

మొదటి పద్ధతి దుబాసీ పద్ధతి. ఒక ఆదేశం చదవడం, దాని భావం కొత్త ప్రాసెసర్ భాషలో చేసి చూపించడం, తర్వాతి ఆదేశానికి వెళ్లడం. ఒకే లూప్ లక్షసార్లు తిరిగితే లక్షసార్లూ అదే అనువాదం మళ్లీ మొదటి నుంచి. నమ్మకంగా పని చేస్తుంది కానీ చాలా నెమ్మది. 1994లో యాపిల్ 68000 అనే ప్రాసెసర్ కుటుంబం నుంచి పవర్‌పీసీ అనే ఇంకో కుటుంబానికి మారినప్పుడు మొదటి యంత్రాల్లో ఉన్నది దాదాపు ఇదే. విశేషమేమిటంటే అప్పటికి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చాలా భాగం పాత 68000 కోడ్. అంటే కొత్త కంప్యూటర్ తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా అనువాదంలోనే నడుపుకుంది.

రెండో పద్ధతిలో ఒక్కో ఆదేశాన్ని కాకుండా ఒక్కో ముక్కను అనువదించి, ఆ అనువాదాన్ని దాచి పెట్టుకుంటారు. అదే లూప్ మళ్లీ వస్తే దాచిన అనువాదమే నేరుగా నడుస్తుంది. 2003లో ఫాబ్రిస్ బెలార్డ్ విడుదల చేసిన క్యూఎము అనే ఎమ్యులేటర్ ఇలాగే పని చేస్తుంది.

మూడోది పుస్తకం మొత్తాన్ని ముందే అనువదించి పెట్టుకునే పద్ధతి. వినడానికి ఇదే అన్నిటికన్నా మంచిదనిపిస్తుంది. కానీ పూర్తిగా ఇలా చేయడం కుదరదు. ప్రోగ్రామ్ ఫైల్‌లో ఏది ఆదేశమో ఏది మామూలు డేటానో బయటి నుంచి చూసి ఖాయంగా చెప్పలేం. ఇంటెల్ తరహా ఆదేశాలు ఒక బైటు నుంచి పదిహేను బైట్ల దాకా ఎంత పొడుగైనా ఉండవచ్చు. ఒక బైటు అటూ ఇటూ అయి చదవడం మొదలుపెడితే వేరే ప్రోగ్రామే కనిపిస్తుంది. పైగా కొన్ని ప్రోగ్రామ్‌లు నడుస్తూ నడుస్తూ కొత్త కోడ్‌ను అప్పటికప్పుడు తయారు చేసుకుంటాయి. బ్రౌజర్లలోని జావాస్క్రిప్ట్ ఇంజిన్లు, జావా వాతావరణం చేసేది అదే. ఇంకా పుట్టని కోడ్‌ను ముందే అనువదించి పెట్టడం ఎవరి తరమూ కాదు.

అందుకే మంచి అనువాద పొరలన్నీ ఈ పద్ధతులను కలిపి వాడతాయి. రోసెట్టా 2 ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడో, మొదటిసారి తెరిచేటప్పుడో వీలైనంత కోడ్‌ను అనువదించి డిస్క్ మీద దాస్తుంది. నడుస్తుండగా పుట్టే కోడ్‌ను అక్కడికక్కడ మారుస్తుంది. ఇంటెల్ కోసం చేసిన యాప్ కొత్త మ్యాక్‌లో మొదటిసారి తెరుచుకోవడానికి ఎక్కువసేపు పట్టి, రెండోసారి నుంచి చకచకా రావడానికి కారణం ఇదే. ఇంటెల్ బ్రౌజర్‌ను అలాగే వాడితే మాత్రం బరువుగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ జావాస్క్రిప్ట్ ముందు ఇంటెల్ కోడ్‌గా మారి, ఆ కోడ్ మళ్లీ ఆర్మ్ కోడ్‌గా మారాలి. అలాంటి ప్రోగ్రామ్‌ల విషయంలో కొత్త ప్రాసెసర్ కోసం చేసిన వెర్షన్ వెతికి పెట్టుకోవడమే సరైన పని.

ఈ కలగలుపు పద్ధతిలో ఒక పాత ప్రయత్నాన్ని తప్పకుండా చెప్పుకోవాలి. 1996లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన ఆల్ఫా ప్రాసెసర్ మీది విండోస్ ఎన్‌టీ కోసం ఎఫ్ఎక్స్!32 అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఇంటెల్ ప్రోగ్రామ్‌ను మొదటిసారి నడిపినప్పుడు అది దుబాసీలా నెమ్మదిగా నడిపిస్తూ, ఏ భాగాలు ఎక్కువగా వాడకంలో ఉన్నాయో రాసి పెట్టుకునేది. ప్రోగ్రామ్ మూసేశాక, తీరిక సమయంలో ఆ భాగాలను ఆల్ఫా కోడ్‌గా మార్చి దాచేది. వాడే కొద్దీ ప్రోగ్రామ్ వేగం పెరిగేది. ఇప్పటి అనువాద పొరల్లో మెచ్చుకుంటున్న ఆలోచనల్లో చాలా వాటికి అప్పటికే అక్కడ రూపం వచ్చింది. ఆల్ఫా మాత్రం నిలవలేదు. 1999లో దాని మీద విండోస్ అభివృద్ధి ఆగిపోయింది.

రెండు రోసెట్టాల మధ్య తేడా

అనువాదం ఎంత వేగంగా ఉంటుందన్నది అనువాద సాఫ్ట్‌వేర్ తెలివి మీదే ఆధారపడి ఉంటుందనుకోవడం సగమే నిజం. ఏ ప్రాసెసర్ నుంచి ఏ ప్రాసెసర్‌కి అన్నది అంతే ముఖ్యం. యాపిల్ రెండుసార్లు ఒకే పేరుతో ఈ పని చేసింది కాబట్టి పోల్చి చూడటం తేలిక.

2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కి మారినప్పుడు వచ్చిన మొదటి రోసెట్టా, ట్రాన్సిటివ్ అనే సంస్థ సాంకేతికత ఆధారంగా తయారైంది. దాని పని చాలా కష్టం. పవర్‌పీసీలో సాధారణ రిజిస్టర్లు 32. అప్పటి 32 బిట్ ఇంటెల్‌లో 8. ముప్పై రెండు గదుల ఇంటి సామాను ఎనిమిది గదుల్లో సర్దాలి, పట్టనివన్నీ మెమరీలోకి తోసి మాటిమాటికీ తెచ్చుకోవాలి. దీనికి తోడు పవర్‌పీసీ మ్యాక్‌లలో ఒక సంఖ్యలోని పెద్ద భాగం మెమరీలో ముందు ఉంటుంది, ఇంటెల్‌లో చిన్న భాగం ముందు ఉంటుంది. అంటే మెమరీ నుంచి తెచ్చిన సంఖ్యల బైట్లను తిరగేస్తూ ఉండాలి.

2020లో ఇంటెల్ నుంచి ఆర్మ్‌కి మారినప్పుడు పరిస్థితి తిరగబడింది. 64 బిట్ ఇంటెల్‌లో సాధారణ రిజిస్టర్లు 16, ఆర్మ్‌లో 31. పాతవన్నీ కొత్త వాటిలో హాయిగా సరిపోతాయి, అనువాద పొర సొంత అవసరాలకు కూడా కొన్ని మిగులుతాయి. బైట్ల వరస రెండిట్లోనూ ఒకటే. దీనికి మించి యాపిల్ ఇంకొకటి చేసింది: అనువాదానికి అనుకూలంగా చిప్‌నే మలిచింది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఈ విషయం మొత్తంలో లోతైన చిక్కు ఇదే. ఒక ప్రోగ్రామ్‌లో రెండు థ్రెడ్లు (ఒకేసారి సాగే రెండు పనులు) రెండు వేర్వేరు కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాల) మీద నడుస్తున్నాయనుకోండి. మొదటిది ఒక ఫలితాన్ని మెమరీలో రాసి, ఆ తర్వాత పక్కనే "సిద్ధం" అని ఒక గుర్తు పెడుతుంది. రెండోది ఆ గుర్తు కోసం ఎదురు చూసి, కనబడగానే ఫలితాన్ని తీసుకుంటుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్‌లో ఒక కోర్ మెమరీలో ఏ వరసలో రాస్తే మిగతా కోర్లకు ఆ వరసలోనే కనిపిస్తుంది. ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. వేగం కోసం వరస మార్చే స్వేచ్ఛ దానికి ఉంది. గుర్తు ముందు కనబడి ఫలితం తర్వాత చేరవచ్చు. అప్పుడు రెండో థ్రెడ్ తీసుకునేది పాత, తప్పుడు విలువ. ఒక్కో ఆదేశాన్నీ తప్పు లేకుండా అనువదించినా ప్రోగ్రామ్ తప్పు చేస్తుందన్న మాట. అదీ ఎప్పుడో ఒకసారి, మళ్లీ చేసి చూస్తే కనబడకుండా. ఇంతకంటే టెన్షన్ పెట్టే తప్పు ప్రోగ్రామర్లకు ఇంకోటి ఉండదు.

సాఫ్ట్‌వేర్‌తో దీన్ని సరిదిద్దాలంటే మెమరీని తాకే చోటల్లా "వరస తప్పొద్దు" అనే అదనపు కట్టడి పెట్టాలి. అది వేగాన్ని బాగా తినేస్తుంది. యాపిల్ ఎమ్1 నుంచి తన చిప్‌లలో ఒక మీట పెట్టింది. అనువాదంలో నడిచే ప్రోగ్రామ్ వచ్చినప్పుడు ఆ మీట వేస్తే, కోర్ తనే ఇంటెల్ వరసను పాటిస్తుంది. ప్రాసెసర్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒకే కంపెనీ తయారు చేయడం వల్లే ఇది ఇంత సులువుగా కుదిరింది. రకరకాల కంపెనీల చిప్‌ల మీద నడవాల్సిన విండోస్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆర్మ్ విండోస్‌లో ఒక ఇంటెల్ ప్రోగ్రామ్ ప్రాపర్టీస్ తెరిచి, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఎమ్యులేషన్ సెట్టింగ్స్‌లోకి వెళితే, ఒకే కోర్ మీద నడపాలా, పలు కోర్ల మీద నడిపితే ఎంత కట్టుదిట్టంగా అనే ఎంపికలు కనిపిస్తాయి. పైన చెప్పిన చిక్కే అక్కడ సెట్టింగ్ రూపంలో బయటపడింది. పాత ప్రోగ్రామ్ ఏదైనా ఉన్నట్టుండి మూసుకుపోతుంటే ముందుగా మార్చి చూడాల్సింది దీన్నే.

మిగతా చిక్కులు దీనితో పోలిస్తే చిన్నవి. పాత ఇంటెల్ ప్రోగ్రామ్‌లు వాడిన 80 బిట్ల దశాంశ లెక్కలు ఆర్మ్ హార్డ్‌వేర్‌లో లేవు, వాటిని సాఫ్ట్‌వేర్‌తో చేయాలి కాబట్టి నెమ్మది. ఏవీఎక్స్ అనే వెడల్పాటి లెక్కల ఆదేశాలు మొదట్లో రోసెట్టా 2లో లేవు, 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయాతో చేరాయి.

ఎక్కడ ఆగిపోతుంది?

అనువాద పొర మామూలు ప్రోగ్రామ్‌లను మాత్రమే అనువదిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోకి, అంటే కెర్నెల్‌లోకి వెళ్లి కూర్చునే కోడ్ జోలికి అది పోదు. పాత స్కానర్ డ్రైవర్, కొన్ని వీపీఎన్‌లు, కొన్ని యాంటీవైరస్‌లు, ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్, యూఎస్‌బీ డాంగిల్ పెడితేనే తెరుచుకునే ఖరీదైన ప్రోగ్రామ్‌ల డ్రైవర్లు, ఇవన్నీ ఈ కోవలోవి. పాత పరికరం ఉన్నవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే నిరాశ ఇదే. ప్రోగ్రామ్ చక్కగా తెరుచుకుంటుంది, మెనూలన్నీ పని చేస్తాయి, పరికరం మాత్రం కనిపించదు. కొత్త ప్రాసెసర్ కోసం డ్రైవర్ రాయాల్సింది ఆ పరికరం చేసిన కంపెనీ. ఆ కంపెనీ మూతపడి ఉంటే, లేదా ఆ మోడల్‌ను ఎప్పుడో వదిలేసి ఉంటే, వాడేవాళ్ల చేతిలో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

రెండో అంచు ప్లగిన్లు. మ్యాక్‌లో ఒక ప్రాసెస్ అంతా ఒకే ప్రాసెసర్ భాషలో ఉండాలి. ఆర్మ్ కోసం చేసిన సంగీత సాఫ్ట్‌వేర్ నేరుగా ఇంటెల్ ప్లగిన్‌ను తనలోకి లోడ్ చేసుకోలేదు. అందుకే కొత్త మ్యాక్ కొన్న సంగీతకారులు ఏళ్ల తరబడి మొత్తం సాఫ్ట్‌వేర్‌ను కావాలనే రోసెట్టాలో తెరిచారు, ఒక్క పాత ప్లగిన్ కోసం. మైక్రోసాఫ్ట్ దీనికి ఆర్మ్64ఈసీ అనే మధ్యేమార్గం కనిపెట్టింది. ఆ పద్ధతిలో కంపైల్ చేసిన ప్రోగ్రామ్ తన సొంత భాగాన్ని ఆర్మ్‌లో నడుపుకుంటూనే 64 బిట్ ఇంటెల్ ప్లగిన్‌ను అనువాదంలో వాడుకోగలదు. ఈ ఒక్క విషయంలో విండోస్ దారే మెరుగని చెప్పాలి.

ఇక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే ఇంకో కంప్యూటర్) గురించి ఒక పెద్ద అపోహ ఉంది. "పాత ప్రోగ్రామ్ నడవకపోతే వర్చువల్ మెషీన్‌లో పాత విండోస్ వేసుకుంటే సరి" అనుకుంటారు. ఇంటెల్ మ్యాక్‌లలో అది నిజమే. అక్కడ వర్చువల్ మెషీన్ లోపలి విండోస్ ఆదేశాలను అసలు ప్రాసెసరే నేరుగా నడిపేది. ఆర్మ్ మ్యాక్‌లో అదే పద్ధతిలో ఆర్మ్ విండోస్ మాత్రమే నడుస్తుంది. దాని లోపల ఇంటెల్ ప్రోగ్రామ్ తెరిస్తే, దాన్ని మళ్లీ విండోస్ తన అనువాద పొరతో నడపాలి. విండోస్ ఎక్స్‌పీ లాంటి పాత ఇంటెల్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొత్తంగా నడపాలంటే క్యూఎము లాంటి పూర్తి ఎమ్యులేటర్ కావాలి, అది చాలా నెమ్మది.

అయితే ఆ నెమ్మది ఎవరికి అడ్డం అన్నది చూడాలి. విండోస్‌కు ముందటి డాస్ కాలపు ప్రోగ్రామ్ ఆశించిన ప్రాసెసర్ వేగంలో ఇప్పటి ప్రాసెసర్ ఎన్నో రెట్లు ముందుంది. డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్లో ఎంత వృథా అయినా ఆ ప్రోగ్రామ్‌కు కావాల్సినంత వేగం ఇంకా మిగిలే ఉంటుంది. అంటే ముప్పై ఐదేళ్ల కిందటి ప్రోగ్రామ్‌ను నడపడం పదేళ్ల కిందటి ప్రోగ్రామ్‌ను నడపడం కంటే తేలిక కావచ్చు. కష్టమంతా మధ్యలోని వాటితోనే.

విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రామ్‌ల కథ ఇందుకు మంచి ఉదాహరణ. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రామ్‌లను నడపదు. 1990ల్లో వచ్చిన ఎన్నో ప్రోగ్రామ్‌లు తాము 32 బిట్‌వే అయినా, వాటి ఇన్‌స్టాలర్లు మాత్రం 16 బిట్‌వి. నడవాల్సిన ప్రోగ్రామ్ నడుస్తుంది, దాన్ని లోపలికి తెచ్చే తలుపే తెరుచుకోదు. అలాంటి కొన్ని పాత ఇన్‌స్టాలర్లను విండోస్ గుర్తుపట్టి, వాటి బదులు తన దగ్గరున్న 32 బిట్ ఇన్‌స్టాలర్‌ను నడుపుతుంది. ఇంతకంటే వింత ఇంకొకటి ఉంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఆర్మ్ కంప్యూటర్లలో 32 బిట్ ఆర్మ్ యాప్‌లకు చోటు లేదు. కానీ 32 బిట్ ఇంటెల్ ప్రోగ్రామ్‌లు నడుస్తాయి. సొంత కుటుంబపు పాత ప్రోగ్రామ్‌ను వదిలేసి, పక్క కుటుంబానిది నిలబెట్టారు, ఎందుకంటే జనం దగ్గర ఎక్కువగా ఉన్నవి రెండో రకమే.

ఎవరి చేతిలో ఉంది?

పాత ప్రోగ్రామ్‌లను పట్టించుకోని ప్రాసెసర్లకు ఏమైందో చూస్తే ఈ నిర్ణయాలు అర్థమవుతాయి. 2001లో వచ్చిన ఇంటెల్ ఐటేనియం పాత 32 బిట్ ప్రోగ్రామ్‌లను చాలా నెమ్మదిగా నడిపేది. 2003లో ఏఎమ్‌డీ పాత ఆదేశాలను అలాగే ఉంచి వాటికే 64 బిట్‌లు చేర్చింది. మార్కెట్ దాని వెంట వెళ్లింది, చివరికి ఇంటెల్ కూడా ఆ దారే పట్టింది. 2012లో మైక్రోసాఫ్ట్ ఆర్మ్ మీద విండోస్ ఆర్‌టీ తెచ్చి, పాత విండోస్ ప్రోగ్రామ్‌లేవీ అందులో నడవనివ్వలేదు. మరుసటి ఏడాదే దానితో నడిచే సర్ఫేస్ ఆర్‌టీ ట్యాబ్లెట్ నిల్వల కింద దాదాపు 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకోవాల్సి వచ్చింది. 2017లో ఆర్మ్ విండోస్ మళ్లీ వచ్చినప్పుడు 32 బిట్ ఇంటెల్ ప్రోగ్రామ్‌ల అనువాదం దానితోనే వచ్చింది.

మరి అనువాద పొరను శాశ్వతంగా ఉంచేస్తే సరిపోతుంది కదా? కంపెనీల లెక్క వేరు. అనువాదం మరీ బాగుంటే కొత్త ప్రాసెసర్ కోసం ప్రోగ్రామ్‌ను తిరిగి కంపైల్ చేసే తొందర ఎవరికీ ఉండదు. యాపిల్ అందుకే గడువు పెడుతుంది. 2006లో వచ్చిన మొదటి రోసెట్టాను 2011లో లయన్ అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌తో తీసేసింది. ఆ ఒక్క అప్‌డేట్‌తో పవర్‌పీసీ ప్రోగ్రామ్‌లన్నీ ఒకే రోజున ఆగిపోయాయి. 2019లో కేటలినా అనే వెర్షన్‌తో 32 బిట్ ప్రోగ్రామ్‌లకు స్వస్తి పలికింది, అక్కడ ప్రాసెసర్ మారను కూడా లేదు. రోసెట్టా 2 మ్యాక్‌ఓఎస్ 27 వరకు పూర్తిగా ఉంటుందనీ, ఆ తర్వాత కొన్ని పాత ఆటలకు అవసరమైన మేరకే మిగులుతుందనీ 2025 జూన్‌లో ప్రకటించింది. ముందే చెప్పడం మంచి పద్ధతే. కానీ తయారు చేసినవాళ్లు లేని ప్రోగ్రామ్‌కు గడువు ముందే తెలిసినా లాభం లేదు. దాన్ని తిరిగి కంపైల్ చేయడానికి ఎవరూ ఉండరు.

దీనికి భిన్నమైన దారి ఒకటి ఉంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. ఐబీఎం ఏఎస్/400 అనే కార్యాలయ కంప్యూటర్లలో ప్రోగ్రామ్‌లను నేరుగా ప్రాసెసర్ భాషలోకి కంపైల్ చేయరు. ముందు ఏ ప్రాసెసర్‌కూ చెందని ఒక నడిమి రూపంలోకి మారుస్తారు, దాని నుంచి యంత్రమే తన ప్రాసెసర్ కోడ్ తయారు చేసుకుంటుంది. 1995లో ఆ యంత్రాల లోపలి ప్రాసెసర్ పూర్తిగా మారి పవర్‌పీసీ కుటుంబానికి చెందినది వచ్చినప్పుడు, నడిమి రూపం నుంచి పాత ప్రోగ్రామ్‌లను యంత్రమే మళ్లీ అనువదించుకుంది. ఇబ్బంది పడ్డది ఎవరంటే, డిస్క్‌లో చోటు మిగులుతుందని ఆ నడిమి సమాచారాన్ని ప్రోగ్రామ్‌ల నుంచి తీసేసుకున్నవాళ్లు. లైనక్స్ ప్రపంచంలో ఆ నడిమి రూపం పాత్రను సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రూపం) పోషిస్తుంది. సోర్స్ అందుబాటులో ఉంది కాబట్టి డెబియన్ లాంటి సంస్థలు వేల ప్యాకేజీలను కొత్త ప్రాసెసర్ కోసం తిరిగి కంపైల్ చేసి ఇస్తాయి.

ఇవేవీ లేకుండా, బైట్లు మాత్రమే చేతిలో ఉన్నవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది తమ దగ్గర ఏవి అనువాదంలో నడుస్తున్నాయో. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరిచి కైండ్ అనే నిలువు వరస చూస్తే ఇంటెల్ అనో యాపిల్ అనో ఉంటుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ పేజీలో ఆర్కిటెక్చర్ అనే వరసను చేర్చుకుంటే కనిపిస్తుంది. ఇంటెల్ అని ఉన్న వాటిలో, ఇంకెవరూ అప్‌డేట్ చేయని ప్రోగ్రామ్ ఏదైనా ఉండి, దాని ఫైళ్లు వేరే దేనిలోనూ తెరుచుకోని రకమైతే, ప్రోగ్రామ్ ఇంకా నడుస్తున్న ఈ రోజుల్లోనే ఆ ఫైళ్లను పీడీఎఫ్, సీఎస్‌వీ, టిఫ్ లాంటి అందరూ చదవగల రూపాల్లోకి ఎగుమతి చేసుకోవాలి. పాత కంప్యూటర్ ఇంకా పని చేస్తుంటే దాని డిస్క్ మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైల్‌గా తీసి, లైసెన్స్ నంబర్లతో సహా దాచాలి. క్యూఎము లాంటి పూర్తి ఎమ్యులేటర్‌కు రేపు కావాల్సింది ఆ ఇమేజే.